చార్జి అప్పగించేదాకా దిగేది లేదు

నాకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఈ సంగతి మా ఆయనకి బాగా తెలుసు. నేను అరుస్తున్నంతసేపూ పేపరు చదువుకుంటూ కూర్చుంటారు. మెల్లగా మాట్లాడడం మొదలుపెడితే మాత్రం చెప్పులు వేసుకుని కూరగాయలకని బయటపడతారు. మా స్కూలు కరస్పాండెంటు గారికి ఈ విషయం తెలియదు. ఆ రోజు ఆయన గదిలో నేను చాలా మెల్లగా మాట్లాడాను. ఒప్పుకున్నాననే అనుకున్నారు, పాపం.

నేను సికింద్రాబాద్‌లో, చిలకలగూడ వైపున్న ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. రిటైరయ్యే వయసు దాటిపోయింది. ఏడాదికోసారి పొడిగిస్తూ నెట్టుకొస్తున్నారు. పాఠాలు కాక నాకు ఇంకో పిచ్చి ఉంది, హామ్ రేడియో. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకుంటే, సొంత సెట్టూ సొంత యాంటెన్నా పెట్టుకుని ఏ దేశంవాళ్ళతోనైనా మాట్లాడుకోవచ్చు. మా ఆయన ఏ.ఎస్. రావు నగర్ దగ్గరి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేసేవారు. పెళ్ళైన కొత్తలో ఆయన తెచ్చిన సెట్టుతో ఆయనకంటే నేనే ఎక్కువ ఆడాను. పరీక్ష ఇద్దరం రాశాం. నేను పాసయ్యాను, ఆయన తప్పారు. ఈ ముక్క రాయొద్దని ఆయన బతిమాలారు. రాశాను.

భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో కూడా అలాంటి సెట్టు ఒకటి ఉంటుంది. అక్కడుండే వ్యోమగాములు వీలు చూసుకుని బడిపిల్లలతో మాట్లాడుతుంటారు. ముందుగా అర్జీ పెట్టుకోవాలి. వాళ్ళు ఒప్పుకుంటే ఒక రోజు ఇస్తారు. ఆ రోజు ఆ కేంద్రం మన ఊరి మీదుగా ఒక అంచున లేచి ఇంకో అంచున దిగిపోయేలోపు, పది నిమిషాలు అటూ ఇటూగా, పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడగాలి. అంచు దాటిందంటే మాట తెగిపోతుంది. మళ్ళీ రమ్మంటే రాదు.

మా స్కూలుకి ఆ అవకాశం వచ్చింది. అర్జీ రాసింది నేను, సెట్టు నాది, లైసెన్సు నాది. నా లైసెన్సు మీద, నేను పక్కన నిలబడి ఉంటేనే పిల్లలు మైకు పట్టుకోవాలి. అది మా హామ్ వాళ్ళ కట్టుబాటు.

పదో తరగతి నుంచి పదిమంది అమ్మాయిల్ని తీసుకున్నాను. మార్కులు చూడలేదు. ఎవరి ప్రశ్న నన్ను ఆలోచింపజేసిందో వాళ్ళని తీసుకున్నాను. వాళ్ళలో ఒకమ్మాయి తల్లి మోండా మార్కెట్ దగ్గర ఒక సందు మొదట్లో మిషను పెట్టుకుని చీరలకి ఫాల్, పీకో వేస్తుంది. ఈ పిల్ల తరగతిలో కిటికీ పక్కన కూర్చుని రైళ్ళు లెక్కపెట్టేది. పాఠం వింటోందో లేదో తెలిసేది కాదు.

ఒకరోజు వాళ్ళకి అంతరిక్ష కేంద్రంలో మనుషులు ఎలా మారతారో చెబుతున్నాను. ఆరు నెలలకో ఏడు నెలలకో కొత్త బృందం పైకెళ్తుంది. పాతవాళ్ళు వెంటనే దిగిపోరు. కొన్ని రోజులు ఇద్దరూ కలిసి ఉంటారు. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు కొత్తగా దిగేవాళ్ళకి మోటారు స్విచ్ ఎక్కడుందో, ఏ కుళాయి గట్టిగా తిప్పితే ఊడి వస్తుందో చూపించి తాళాలు ఇచ్చినట్టు, ఉన్న పనంతా చూపించి, చార్జి అప్పగించి, అప్పుడు దిగుతారు. ఎన్నో ఏళ్ళుగా ఆ కేంద్రం ఒక్క రోజు కూడా ఖాళీగా లేదు. ఎవరో ఒకరు వచ్చేదాకా ఎవరో ఒకరు ఉన్నారు. ఇదంతా చెప్పి ఊపిరి తీసుకుంటుంటే కిటికీ పక్క నుంచి ఆ పిల్ల లేచింది.

"మేడం, దిగిపోయేటోళ్ళు ఎక్కినోళ్ళకు ఏం జెప్పి పోతరు? బుక్కులల్ల ఉండేటివి గాదు. బుక్కులల్ల లేనివి?"

నేను ఇంతకాలం పాఠాలు చెప్పాను. నాకు ఆ ప్రశ్న తట్టలేదు. దాన్నే మొదటి ప్రశ్నగా పెట్టాను.

అప్పుడు పైన ఉన్న బృందానికి పెద్ద ఒక మహిళ. దిగిపోయే ముందు ఆవిడే మాతో మాట్లాడాలి. మా పిల్లల ప్రశ్నలు ఆవిడకి ముందే చేరాయి. పండగలా ఉంది మాకు. మధ్యాహ్నం భోజనాల బెల్లు తర్వాత మేడ మీద రిహార్సల్. ప్రశ్న అడగాలి, చివర "ఓవర్" అనాలి, మైకు బటన్ వదలాలి. మా పిల్లలు "ఓవర్" అనడం మరిగి ఇంట్లో అన్నం పెట్టమని కూడా అలాగే అడిగేవాళ్ళట. ఒక తల్లి వచ్చి నాతో పోట్లాడింది.

అంతలో కబురు వచ్చింది. పైకెళ్ళాల్సిన కొత్త బృందం నౌకలో ఏదో లోపం. ప్రయాణం వాయిదా. మార్చేవాళ్ళు రాలేదు కాబట్టి పైన ఉన్నవాళ్ళు దిగడానికి లేదు. వాళ్ళ పనులన్నీ మళ్ళీ సర్దుకోవాలి. బడిపిల్లలతో మాటలు తర్వాత చూద్దామన్నారు. మళ్ళీ ఒక తేదీ అన్నారు, అదీ వాయిదా పడింది. మా పిల్లలకి పదో తరగతి పరీక్షలు వచ్చేశాయి.

"పాపం మేడం, డ్యూటీ అయిపోయినా దిగనీకి లేదు వాళ్ళకు," అంది ఆ పిల్ల. తన సంగతి మాత్రం అనలేదు.

పరీక్షలయ్యాయి, ఫలితాలొచ్చాయి, పిల్లలు స్కూలు వదిలి ఎవరి దారిన వాళ్ళు కాలేజీల్లో చేరిపోయారు. ఆ తర్వాతే కొత్త బృందం పైకి చేరింది. అప్పగింతలయ్యాయి. మేం ఎదురుచూసిన ఆవిడ దిగిపోయింది. అప్పగింతల వారంలో ఎవరికీ టైం ఇవ్వరు, అక్కడ కాలు పెట్టే చోటు కూడా ఉండదు. అది ముగిశాక మాకు కొత్త తేదీ వచ్చింది. ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున పదకొండు దాటాక. క్యాలెండరు చూసి తల పట్టుకున్నాను. అది లష్కర్ బోనాల ఆదివారం. సికింద్రాబాద్‌లో ఆ రోజు మనిషి రోడ్డు దాటడమే గొప్ప.

సరిగ్గా అప్పుడే కరస్పాండెంటు గారు నన్ను గదిలోకి పిలిచారు.

ఆయనకి ఏ.ఎస్. రావు నగర్‌లో రెండో బ్రాంచి ఉంది. ఏసీ గదులు, బ్లేజర్లు, గుర్రపు స్వారీ నేర్పిస్తామని గోడ మీద బొమ్మ. గుర్రాన్ని ఎవరూ చూడలేదు. చెడ్డ మనిషి కాదు. కానీ ఏది చూసినా అది అడ్మిషన్లకి పనికొస్తుందా అని చూస్తారు.

"మేడం, ఆ పిల్లలు మన స్కూల్ల లేరు గదా ఇప్పుడు," అన్నారు. "వాళ్ళకోసం పరేషాన్ ఎందుకు? రెండో బ్రాంచిల పిల్లలు రెడీగ ఉన్నరు. ఇంగ్లీష్ మస్తు మాట్లాడ్తరు. టీవీ వాళ్ళను సుత పిలుస్తున్న."

"ప్రశ్నలు ఆ పిల్లలవి సార్," అన్నాను.

"ప్రశ్నలు అవే ఉండనీండ్రి. అడిగేటోళ్ళనే మారుద్దాం." ఆయనకే ఒక చమత్కారం తట్టి నవ్వారు. "పైన క్రూ చేంజ్ అయ్యింది. మనం కింద చేంజ్ చేస్తే తప్పేంది?"

అప్పుడే నా గొంతు తగ్గింది.

"సార్, పైన దిగిపోయినవాళ్ళు పని ముగించి దిగారు. మార్చేవాళ్ళు రాకపోతే నెలల తరబడి అక్కడే ఉన్నారు తప్ప, మధ్యలో ఎవరూ వాళ్ళ మెడ పట్టి బయటికి గెంటలేదు. మనిషి మారడం అంటే అది. మా పిల్లలు ఇంకా పని మొదలే పెట్టలేదు. వాళ్ళు అడగాల్సింది అడిగాక మీ రెండో బ్రాంచికి నేనే చార్జి అప్పగిస్తాను. వచ్చే అర్జీ వాళ్ళ పేరునే పెడదాం."

ఆయన కాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. "మీ ఎక్స్‌టెన్షన్ కాయితం ఇంకా నా టేబుల్ మీదనే ఉంది మేడం," అన్నారు, ఏదో గుర్తుచేస్తున్నట్టు.

"కాయితం మీ టేబుల్ మీద ఉంది సార్. లైసెన్సు నా పేరు మీద ఉంది," అన్నాను ఇంకా మెల్లగా, నమస్కారం పెట్టి బయటికొచ్చేశాను. మెట్లు గబగబా దిగేశాను. భయం కాదు, కోపం. కొంచెం భయం కూడానేమో. నా జీతంతోనే మా ఇంటి వాయిదాలు నడుస్తున్నాయి మరి.

ఆయన ఊరుకోలేదు. బేగంపేటలో మా హామ్ వాళ్ళందరికీ పెద్ద ఒకాయన ఉన్నారు. ఎనభై దాటాయి. మాలో సగం మందికి పరీక్షకి పాఠం చెప్పింది ఆయనే. కరస్పాండెంటు గారు ఆయనకి ఫోన్ చేసి, ఆ రోజు మీరొచ్చి మీ లైసెన్సు మీద నడిపించండి, కారు పంపిస్తాను అన్నారట. మా హామ్ వాళ్ళలో ఒకరి వంతులో ఇంకొకరు కూర్చోరు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు నోరు మూసుకుని వినాలి, సాయం అడిగితే చెయ్యాలి, అంతే. రేడియో నేర్చుకునేటప్పుడు మొదటి రోజున చెప్పే మాట ఇది. ఇది తెలియక ఆయన మాలో మనిషినే నా మీదికి పిలవబోయారు.

"నేను వస్త అని చెప్పిన," అన్నారు పెద్దాయన ఆ సాయంత్రం ఫోన్లో, ఎంతో తృప్తిగా. "కారు పంపుమన్న. వచ్చి మీ కేబుల్ పట్టుకుంట. బస్, గంతే."

ఇక పిల్లల్ని పోగుచేయడం మొదలుపెట్టాను. ఒకమ్మాయి పాలిటెక్నిక్‌లో చేరింది, ఒకమ్మాయి జనగామలో మేనత్త దగ్గర ఉంటోంది, మిగతావాళ్ళు ఇళ్ళ దగ్గరి కాలేజీల్లోనే. ఫోన్లో విషయం చెప్పగానే ఒక్కొక్కతె అరిచిన అరుపుకి నా చెవి గింగురుమంది. తొమ్మిది మంది దొరికారు. పదో పిల్ల, మొదటి ప్రశ్న పిల్ల, ఊరి చివర ఒక రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఉంది. మార్కులు బాగా వచ్చాయని ఫీజు తగ్గించి చేర్చుకున్నారు. ఫోన్ ఉండదు. నెలకోసారి తల్లి వెళ్ళి గేటు దగ్గర చూసి రావాలి.

శనివారం నేనూ ఆ తల్లీ కలిసి వెళ్ళాం. దారిలో ఆటోలో నేనే ఒక ఉపాయం చెప్పాను. "అమ్మా, నాయనమ్మకి ఒంట్లో అస్సలు బాగోలేదని చెప్పు. అయితేనే పంపుతారు."

ఆమె నా వైపు తిరిగి చూసింది. "ముసలామె ఇంట్ల మంచిగ బియ్యం ఏరుకుంట కూసున్నది మేడం. గట్ల ఎందుకు జెప్పాలె? మేం ఏమన్న దొంగతనం జేస్తున్నమా? నిజమే జెప్త."

ఆఫీసులో హాస్టల్ ఇన్‌చార్జికి ఆమె నిజమే చెప్పింది. "రేపు మా బిడ్డ ఆకాశంల ఉన్నోళ్ళతోని మాట్లాడాలె సార్. జెర పంపుండ్రి. పొద్దుగూకేవరకు తోలిస్త."

ఆ ఇన్‌చార్జి నవ్వాడు. పక్కనున్నవాళ్ళని పిలిచి మళ్ళీ చెప్పించుకుని నవ్వాడు. తర్వాత ముఖం మార్చి, "రేపు వీక్లీ టెస్ట్ ఉంది. బోనాలకే ఎవర్ని పంపుతలేం. పోవాలంటే ఇంట్ల ఎవరన్న పోవాలె, లేకపోతే లేదు," అన్నాడు. నేను మాకు తేదీ ఇచ్చిన ఉత్తరం చూపించాను, వివరించాను, చివరికి మెల్లగా కూడా మాట్లాడాను. లాభం లేకపోయింది. పిల్లని చూడనివ్వలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆ తల్లి తన సందు దగ్గర దిగుతూ, "మీరు మీ వైర్లు జూస్కోండ్రి మేడం. పిల్ల సంగతి నేను జూస్త," అంది.

"రేపు బోనం ఎత్తాలి కదా నువ్వు?" అన్నాను.

"పొద్దుగాల గాకపోతె మాపటికి ఎత్తుత. అమ్మవారికి తెల్వదా?"

ఆ ఆదివారం నేను కూడా చర్చికి వెళ్ళలేదు. మా ప్రభువుకి కూడా తెలిసే ఉంటుందనుకున్నాను.

పొద్దున్నే స్కూలు మేడ ఎక్కేసరికి యాంటెన్నా తిప్పే మోటారు రాత్రి వానకి మొరాయించింది. ఆ కేంద్రం ఆకాశంలో కదులుతున్నంతసేపూ యాంటెన్నా దాని వైపే తిరగాలి, లేకపోతే మాట వినపడదు. మా ఆయన చొక్కా చేతులు మడిచి యాంటెన్నా గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. పెద్దాయన కరస్పాండెంటు గారి కార్లోనే దర్జాగా దిగి, కుర్చీ వేయించుకుని, దిక్సూచీ చార్టూ ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను డిగ్రీలు జెప్త, మీరు తిప్పుండ్రి," అన్నారు. వీధిలో మైకుసెట్టు దద్దరిల్లుతోంది, డప్పులు, పూనకాల కేకలు. మా ఆయన కిందకి దిగి ఆ మైకుసెట్టు కుర్రాళ్ళతో మాట్లాడొచ్చారు. ఏం చెప్పారోగానీ, సరిగ్గా మాకు కావలసినప్పుడు పది నిమిషాలు ఆపుతామన్నారట.

తొమ్మిది మంది పిల్లలు వరసగా కూర్చున్నారు. ఏ ఇద్దరి బట్టలకీ పొంతన లేదు. జనగామ పిల్ల తలలో పువ్వులు పెట్టుకుని వచ్చింది. మొదటి కుర్చీ ఖాళీ.

టీవీవాళ్ళు కెమెరా పెట్టుకుంటున్నారు. కరస్పాండెంటు గారు రెండో బ్రాంచి నుంచి బ్లేజరు వేసుకున్న ఒక పాపని వెంటపెట్టుకుని మేడెక్కారు. "మొత్తం మార్చమని అంటలేను మేడం. ఒక్క కుర్చీ ఖాళీగుంది గదా. పైన టైం వేస్ట్ ఎందుకు?"

"ఆ కుర్చీలో మనిషి ఉంది సార్. దారిలో ఉంది."

"ఎక్కడుంది? ఒకవేళ రాకపోతే?"

"రాకపోతే ఆమె ప్రశ్న వంతు వచ్చినప్పుడు మైకు నొక్కి ఊరుకుంటాను. మా వైపు నుంచి ఒకరు తక్కువయ్యారని పైవాళ్ళకి కూడా తెలియాలి."

టీవీ అబ్బాయి కెమెరా నా వైపు తిప్పాడు. కరస్పాండెంటు గారు చటుక్కున నవ్వు ముఖం పెట్టారు. ఆ పాప తప్పేమీ లేదు, పైగా చెమటకి ఉడికిపోతోంది. బ్లేజరు విప్పేసి నా పక్కన నిలబడి చూడమన్నాను. చార్టు పట్టుకోవడానికి పెద్దాయనకి సాయం చేసింది. ఖాళీ కుర్చీ పిల్ల ప్రశ్నని మొదటి నుంచి తీసి ఆఖరికి మార్చాను. నాకు చేతనైంది అదొక్కటే.

టైమయింది. వీధిలో డప్పులు ఆగాయి. నేను నా కాల్ సైన్, అంటే లైసెన్సుతో పాటు ఇచ్చే రేడియో పేరు, చెప్పి పిలిచాను. గరగర. మళ్ళీ పిలిచాను. గరగర. కరస్పాండెంటు గారు గడియారం చూసుకుంటున్నారు. మళ్ళీ పిలిచాను. ఆ గరగరలోంచి ఒక మగ గొంతు, మంచంకింద నుంచి మాట్లాడుతున్నట్టు మొదలై, స్పష్టంగా మా మేడ మీదికి వచ్చింది. నా కాల్ సైన్‌తో నన్ను పలకరించింది. నేను బాగా మాట్లాడాననే అందరూ అంటారు. నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. అక్కడ కన్నీళ్ళు కిందకి జారతాయా అని ఒకమ్మాయి. జలుబు చేస్తే ఏం చేస్తారని ఒకమ్మాయి. జనగామ పిల్ల "ఓవర్" ఎంత గట్టిగా అందంటే పైన నవ్వు వినిపించింది. పెద్దాయన డిగ్రీలు చదువుతున్నారు, మా ఆయన గొట్టాన్ని బిడ్డలా పట్టుకుని తిప్పుతున్నారు. కేంద్రం మా తల మీదికి వచ్చి తూర్పుకి వాలడం మొదలైంది. ఏడో పిల్ల మైకు దగ్గరుండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

ముందు తల్లి వచ్చింది, తర్వాత పిల్ల. కాలేజీ యూనిఫారంలోనే ఉంది. వేళ్ళకి సిరా. జనం మధ్య నుంచి పరుగెత్తుకొచ్చినట్టు ముఖమంతా చెమట, ఎవరో చల్లిన పసుపు భుజం మీద. ఏమీ అడగడానికి టైం లేదు. కుర్చీ చూపించాను. పిల్ల కూర్చోలేదు, మైకు వెనకే నిలబడి ఊపిరి పీల్చుకుంటోంది.

ఆ పూట ఏం జరిగిందో తల్లి తర్వాత చెప్పింది. తెల్లారేసరికే గేటు దగ్గర కూర్చుందట. పంపమని అడిగితే లేదన్నారట. టెస్టు మొదలైందట. చివరికి ఈమె గేటు తోసుకుని, పిల్లలు పరీక్ష రాస్తున్న హాలు ద్వారం దగ్గర నిలబడి, "బిడ్డా, టైమైంది, రా," అందట. అంతే. అరవలేదు, ఏడవలేదు. పిల్ల తల ఎత్తి చూసి, పేపరు మడిచి బల్ల మీద పెట్టి లేచి వచ్చేసిందట. ఇన్‌చార్జి వెనకే వచ్చి, "ఈ గేటు దాటినవంటే టాప్ సెక్షన్ల నీ పేరు ఉండదు, ఫీజు రాయితీ సుత ఉండదు," అన్నాడట. పిల్ల ఆగలేదు. రైల్ నిలయం ఆఫీసు దాకా ఆటో, అక్కణ్ణుంచి రోడ్లు మూసేస్తే పరుగే.

తొమ్మిదో పిల్ల ముగించింది. పైనుంచి వచ్చే గొంతులో గరగర మొదలైంది, కేంద్రం అంచుకి దగ్గరవుతోంది. ఈ పిల్ల వంతు వచ్చింది. నాకు అప్పుడు తట్టింది. ఈ ప్రశ్న రాసింది దిగిపోయే ఆవిడకి. "మీరు దిగేటప్పుడు మీ తర్వాతివాళ్ళకి ఏం చెప్పి వెళ్తారు?" అని. పైన మాట్లాడుతున్నవాడు ఇప్పుడే ఎక్కినవాడు. ఆ ప్రశ్న అతనికి వర్తించదు. నెలల తరబడి రిహార్సల్ చేశాం, తేదీలు మార్చాం, కుర్చీ కోసం పోట్లాడాం, ప్రశ్న మార్చాలన్న ధ్యాస మాత్రం నాకు రాలేదు.

పిల్ల మైకు నొక్కింది. ఇంగ్లీషులో, తన ఇంగ్లీషులో, మెల్లగా, ఒక్కో మాట తడుముకుంటూ అడిగింది.

"సార్, మీకంటే ముందున్న మేడం దిగిపోయేటప్పుడు మీకు ఏం చెప్పారు? పుస్తకంలో లేనిది? ఓవర్."

పెద్దాయన డిగ్రీలు చదవడం ఆపేశారు. మా ఆయన ఆపకుండా తనంతట తానే తిప్పారు.

ఆ గొంతు వచ్చింది, ఈసారి కాగితం చూసి చదువుతున్నట్టు లేదు. ఆమె తనకి చాలా చెప్పిందట. కానీ దిగిపోయే రోజున, తలుపు మూసే ముందు ఒక మాట చెప్పిందట. ఇక్కడ కొత్తగా ఉన్నన్నాళ్ళూ ప్రతిదీ అడుగు, తెలిసినట్టు నటించకు, నేను మొదటి నెల సిగ్గుపడి అడగక చాలా తప్పులు చేశాను అని. "అందుకే నేను రోజంతా అడుగుతూనే ఉన్నాను. నువ్వు కూడా..." అన్నాడు. ఆ తర్వాత గరగర. ఆ తర్వాత గరగర కూడా లేదు.

నేను మూడుసార్లు ధన్యవాదాలు చెప్పాను, ఎవరూ వినకపోయినా అది మా మర్యాద. మైకు పెట్టేసరికి కింద డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. కరస్పాండెంటు గారు కెమెరా ముందు నిలబడి, ఇది మా స్కూల్ విజన్ అని చెబుతున్నారు. చెప్పుకోనీ అనుకున్నాను. తల్లి కూతురు చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఇంకా బోనం వండాలి మరి.

మర్నాడు నా పొడిగింపు కాయితం మీద సంతకం అయింది. టీవీలో వచ్చాక ఆయనకి నన్ను తీసెయ్యడం కష్టమైంది, అంతే తప్ప నేనేదో గెలిచాననుకోవడం లేదు. ఆ పిల్లకి మాత్రం కాలేజీవాళ్ళు చెప్పినంతా చేశారు. టాప్ సెక్షన్ నుంచి తీసేశారు, ఫీజు రాయితీ కూడా ఎత్తేశారు. ఆ సంగతి తల్లి చెప్పినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. కుర్చీ కోసం పోట్లాడిన నేను ఆ పిల్ల తలకి ఏం తెచ్చిపెట్టాను అని. ఫీజు మాట నేను చూసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. పిల్లని ఆ హాస్టల్లోంచి తీసేసి, ఇంటి దగ్గర ప్రభుత్వ కాలేజీలో చేర్చింది.

నెల తర్వాత ఒక సాయంత్రం వాళ్ళ సందుకి వెళ్ళాను. తల్లి మిషను తొక్కుతోంది. పిల్ల పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కలు చేస్తోంది. నన్ను చూసి లేచింది. "నావల్లే కదమ్మా, సెక్షన్ మార్చేశారు," అన్నాను.

పిల్ల నవ్వింది. "మార్చనీ మేడం. ఆకాశంల ఉన్నోళ్ళనే మారుస్తరు, నన్ను మార్చకుంట ఉంటరా?" అంది. "వాళ్ళు మార్చింది సెక్షనే గదా. అడిగింది మాత్రం నేనే. దాన్ని ఎవ్వరు మార్చలేరు."